ఐదు గింజల వ్యాపారము



తెల్లవారకముందే దుకాణము తలుపు తీసి, బజారంతయు సద్దుమణిగిన పిమ్మట తాళము వేయు వర్తకుడు ప్రతి ఊరను గలడు. అతడు సోమరి కాడు, దుబారా మనిషియు కాడు. అయినను సంవత్సరాంతమున ఆవర్జా తిరుగవేసినచో నిరుడున్న చోటనే యుండును. "ఇంత కష్టపడితిని గదా, ఫలమేది?" యని అతడు తన కర్మమును నిందించుకొనును. కర్మమును నిందించుటకు ముందు విచారింపవలసినది ఒకటి గలదు. పడిన కష్టము పడవలసిన చోటనే పడినదా?

ఈ ప్రశ్నకు సమాధానము జ్ఞాతాధర్మకథాంగమున ఏడవ అధ్యయనమగు రోహిణి కథలో దొరకును.

రాజగృహ నగరమున ధన్యుడను సార్థవాహుడు గలడు. తన తరువాత ఇల్లు ఎవరి చేతిలో నిలుచునో తెలిసికొనగోరి, అతడు బంధుమిత్రుల యెదుట నలుగురు కోడండ్రను పిలిచి, ఒక్కొక్కతెకు ఐదేసి వడ్లగింజలు ఇచ్చెను. "వీనిని కాపాడుడు, నేనడిగినప్పుడు తిరిగి యిండు" అనెను.

పెద్దకోడలు ఉజ్ఝిక, ఇంట గాదెలనిండ వడ్లుండగా ఈ ఐదు గింజలెందుకని పారవైచెను. రెండవది భోగవతి, పొట్టు ఒలిచి తినివేసెను. మూడవది రక్షిక, మామగారి మాటలో ఏదో అర్థముండునని తలచి, గింజలను శుభ్రమైన గుడ్డలో కట్టి రత్నముల పెట్టెలో దాచి, దినమునకు మూడుమార్లు చూచుకొనుచుండెను. నాలుగవది రోహిణి, తన పుట్టింటివారిని పిలిపించి, తొలకరి వానలు పడగానే చిన్నమడి చేయించి విత్తించెను. నారు తీయించి నాటించెను, చుట్టును కంచె వేయించెను. పండినదానిని మరల విత్తనముగా వాడించెను. మొదటి యేట ఒక చిన్న కొలతకు వచ్చిన ధాన్యము, ఏటేట పెరిగి వందల కుంభములయ్యెను.

ఐదవ యేట ధన్యుడు గింజలడిగెను. ఉజ్ఝిక గాదెలోనుండి ఐదు గింజలు తెచ్చియిచ్చెను. "ఇవి ఆ గింజలేనా?" యని ఒట్టు పెట్టి యడుగగా కాదని ఒప్పుకొనెను. రక్షిక పెట్టె తెరచి ఆ గింజలనే యిచ్చెను. రోహిణి మాత్రము, "మామగారూ, బండ్లు ఇప్పించుడు, తోలించి తెచ్చెదను" అనెను. ఉజ్ఝికకు ఇల్లు ఊడ్చు పనియు, భోగవతికి వంటయిల్లును, రక్షికకు ధనాగారమును అప్పగింపబడెను. రోహిణి ఆ కుటుంబమునకు పెద్దదిక్కయ్యెను.

ఈ ఐదు గింజలు పంచమహావ్రతములనియు, సాధువు వానిని కాపాడుటయే గాక వృద్ధి పొందింపవలెననియు ఆగమము చెప్పు అర్థము. అయినను ఈ కథలోని పెద్ద వర్తకుడు గావున, వర్తకునకు ఇందొక పాఠమున్నది. రక్షిక శ్రమను లెక్కించుడు. దినమునకు మూడుమార్లు, ఐదేండ్లు, అనగా ఐదువేలకు పైగా మార్లు ఆమె పెట్టె చూచెను. గింజలు ఐదే యుండెను. రోహిణి తానుగా నాగలి పట్టలేదు. ఋతువెరిగి, పని తెలిసినవారికి పని యప్పగించి, ఫలమును మరల పెట్టుబడిగా మార్చెను.

మూడేండ్లుగా అమ్ముడుపోని బట్టతానును ప్రతి ఉదయము దుమ్ము దులిపి మరల బీరువాలో పెట్టు వర్తకుడు రక్షిక వంటివాడు. ఆ తానును ముదరా తీసియైనను అమ్మివేసినచో, ఆ సొమ్ము గిరాకీ గల సరుకుగా మారును. పదివేల రూపాయల సరుకు ఏడాదికి ఒక్కమారు తిరిగి నూటికి 12 చొప్పున లాభమిచ్చినచో వచ్చునది 1,200 రూపాయలు. అదే పెట్టుబడి నూటికి 5 చొప్పుననే లాభముతో నాలుగుమార్లు తిరిగినచో వచ్చునది 2,000 రూపాయలు. కొనువానికి ధర తక్కువ, అమ్మువానికి రాబడి యెక్కువ. అట్లే అరువిచ్చిన పద్దును ఆ సాయంకాలమే వ్రాసికొన్నవాడు, బాకీ వసూలుకు పది వీధులు తిరుగు శ్రమను తగ్గించుకొనును. గుమాస్తాను నమ్మి చేయదగిన పని నేర్పినవాడు తన బుద్ధిని కొనుగోలు మీద నిలుపగలడు.

అయితే ఒక హెచ్చరిక. వివేకము వేరు, కపటము వేరు. అచౌర్యవ్రతమునకు ఐదు అతిచారములు చెప్పబడినవి. దొంగకు ప్రోత్సాహమిచ్చుట, దొంగసొత్తు కొనుట, రాజ్యశాసనమును మీరుట, తూనిక కొలతలలో మోసగించుట, మంచి సరుకులో నాసిరకము కలుపుట. తెలివితేటల పేర ఈ దారి త్రొక్కినవాడు రోహిణి గాడు, ఉజ్ఝికయే. వాడు పారవైచునది గింజలను గాదు, తండ్రితాతలు సంపాదించిన పేరును.

సంపద పెరుగుట దేనికొరకో ఉపాసకదశాంగములోని ఆనందశ్రావకుని చూచి తెలిసికొనవలెను. వాణిజ్యగ్రామవాసియగు ఆ గృహస్థునకు పండ్రెండు కోట్ల సువర్ణము గలదు. నాలుగు కోట్లు నిధిలో, నాలుగు కోట్లు వృద్ధికై, నాలుగు కోట్లు ఇంటి సామగ్రిలో నుండెను. దూరప్రయాణమునకు ఐదువందల బండ్లు, దగ్గరి రవాణాకు ఐదువందల బండ్లు నుండెను. ఏ ధనము ఎచ్చట నుండవలెనో ఎరిగిన అట్టివాడు మహావీరస్వామి సన్నిధిని పండ్రెండు వ్రతములు గైకొని, ఉన్నదానికి మించి కోరనని హద్దు గీసికొనెను. పదునాలుగేండ్లు గడచిన పిమ్మట గృహభారమును పెద్దకుమారునకు అప్పగించి పోషధశాలకు వెడలెను. వ్యాపారము చక్కగా అమరియున్నందుననే దానిని విడిచిపోగలిగెను.

పగలు రాత్రియు దుకాణమునకే బంధింపబడినవానికి ఆ తలుపు ఏనాడు తెరచుకొనును? సామాయికమునకు కావలసినది రెండు ఘడియలు, అనగా 48 నిమిషములు. "తీరిక లేదు" అను మాట ధనమునందు పేదవానిది కాదు, వివేకమునందు పేదవానిది. సరుకు మరల కొనవచ్చును, పోయిన బాకీని మరియొక బేరమున పూడ్చుకొనవచ్చును. గడచిన ఘడియను మాత్రము ఏ అంగడిలోను కొనలేము. మానవజన్మమే మూలధనము.

దీపావళి మహావీరస్వామి నిర్వాణదినము, వర్తకులు క్రొత్త ఖాతా తెరచు దినము కూడ. ఆ రాత్రి మొదటి పుట మీద శుభాక్షరములు వ్రాయునప్పుడు ప్రతి గృహస్థుడును తన్ను తాను ప్రశ్నించుకొనుగాక: ఈ ఏడు నా చేతికి వచ్చిన ఐదు గింజలను పారవైచితినా, తింటినా, పెట్టెలో దాచితినా, నాటితినా?

జై జినేంద్ర.