అడుగు



మన దేహమున అన్నిటికంటె దిగువ నుండునది పాదము. దానికి మన తెలుగు పేరు 'అడుగు'. పసిబిడ్డ తప్పటడుగులు మొదలుకొని పెండ్లిలోని ఏడడుగుల వరకు మన మెల్లప్పుడు పలుకు మాటయే యిది. ఈ చిన్న మాట వెంట నడచినచో మన చిన్న తిరుపతి స్వామి సన్నిధికే చేరగలము.

తమిళ, కన్నడ, మలయాళ భాషలలో ఈ మాటకు తోబుట్టువు 'అడి'. అన్నిటను పాదమనియే అర్థము. పాదము దేహమునకు దిగువ గనుక, ఏ వస్తువునకైనను దిగువభాగము అడుగైనది. కుండకు అడుగు, బావికి అడుగు. బావిలో నీరడుగంటినది, పొయ్యిమీద అన్నమడుగంటినది అనుట అందువలననే. అన్నిటికిని క్రిందిది అట్టడుగు. పాదము మోపిన గుర్తు అడుగుజాడ. పాదము పొడవును బట్టి వచ్చిన కొలత 12 అంగుళముల అడుగు. పెద్దల 'అడుగులకు మడుగు లొత్తుట' అను పలుకుబడి కలదు. కొల్లేటి చెంత పెరిగినవారికి మడుగనగానే నీరు స్ఫురించుట సహజము. కాని యిచట మడుగనగా మడత వస్త్రము. పూజ్యులు నడచునపుడు వారి అడుగుల క్రింద పరచునది.

శ్రీవైష్ణవ గృహములలో ఈ మాటకు గౌరవము మిక్కిలి. స్వామి పాదములు 'తిరువడి'. తన్ను గూర్చి చెప్పుకొనునపుడు భక్తుడు 'నేను' అనక 'అడియేన్' అనును. అడుగులకు దాసుడనని దాని భావము. ఆలయమున మన శిరస్సుపై నుంచు శఠారియు స్వామి పాదములే. నమ్మాళ్వారుల పేరిట దానికి ఆ నామము కలిగినది.

ఇక యాచించుట అను అర్థము గల 'అడుగు' వేరు మాట. రూపము మాత్ర మొక్కటే. ఈ రెండు మాటలును కలిసిన కథ వామనావతారము. స్వామి అడిగినది అడుగులు! మూడడుగుల నేల యేల, ద్వీపమునే కోరుకొమ్మని బలి పలికెను. మూడడుగులతో తృప్తి చెందనివాడు ద్వీపము లభించినను తృప్తి చెందడని వటువు బదులు చెప్పెను. రెండడుగులతో లోకములన్నియు నిండెను. మూడవ అడుగునకు బలి తన శిర మొసగెను. స్వామి అతనిని అధోలోకమునకు పంపెను. పంపి విడువలేదు. తానే యేగి అతని వాకిట కావలి నిలిచెను.

ఇప్పుడు మన ద్వారకా తిరుమలకు రండు. ఏలూరునకు సుమారు 40 కిలోమీటర్ల దూరమున నున్న ఈ కొండపై ద్వారకముని తపస్సునకు మెచ్చి స్వామి పుట్టలో వెలసెనని స్థలపురాణము. ఆ స్వయంవ్యక్తమూర్తి పైభాగము మాత్రమే మనకు దర్శనమగును. పాదములు కానరావు. అవి పాతాళమున బలిచక్రవర్తి పూజలందుకొనుచున్నవని పెద్దలు చెప్పుదురు. పాదసేవ లేక భక్తులకు వెలితి కలుగునని భగవద్రామానుజులు వెనుక వైపున సంపూర్ణమూర్తిని ప్రతిష్ఠించిరని సంప్రదాయము. అందుచేతనే ఒక విమానము క్రింద ఇద్దరు మూలమూర్తులు. అందుచేతనే వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, ఏటేట రెండు కల్యాణోత్సవములు.

ఇందొక విశేషము గమనింపుడు. స్వయముగ వెలసిన స్వామి ముఖము మనవైపున నున్నది. అడుగులు సర్వము కోలుపోయినవాని చెంత నున్నవి. లోకులు ఎవరిని అట్టడుగువారందురో, ఆ చోటనే స్వామి పాదములు ముందుగా మోపి యున్నవి. మన మెవరిని క్రిందివారని తలచి ముఖము త్రిప్పుకొందుమో వారి సన్నిధిలోనే మనము వెదకు పాదములున్నవన్నమాట.

మన కొల్లేరును చూడుడు. కృష్ణా గోదావరి డెల్టాల నడుమనున్న పల్లమది. బుడమేరు, తమ్మిలేరు, రామిలేరు, గుండేరు అన్నియు దానిలోనికే దిగును. ఉప్పుటేరు ఆ నీటిని సముద్రమున కలుపును. పల్లమును వెదకికొని పోవుట నీటి స్వభావమైనట్లు, వంగినవానిని వెదకికొని వచ్చుట స్వామి కృప స్వభావము.

ఆ సరస్సునకును అడుగులతోనే హద్దు ఏర్పడినది. 1999 లో అయిదడుగుల కాంటూరు వరకు దానిని పక్షుల అభయారణ్యముగ ప్రకటించిరి. ఆ హద్దులో వెలసిన చేపల చెరువుల గట్లను 2006 లో తెగగొట్టిరి. ఆ చెరువులపై కూలి చేసికొని బ్రతికిన బీదలును కలరు. వారి ఆకలి ఆశ కాదు. కాని కలిగినవాడు ఒక్కొక్క అడుగే నీటినేలను కలుపుకొనుచు పోయినప్పుడు, వటువు పలికిన మాట మన ఊరిలోనే నిజమైనదని గ్రహింపవలెను. కొలతకు అందిన అడుగులు ఎన్నియైనను మనసునకు చాలవు. బలి తలపై మోపిన ఒక్క అడుగు అతనికి చాలినది.

మ్రొక్కులు చెల్లించి కోరికలు అడుగుటకే మనము కొండ కెక్కుదుము. అడుగుట తప్పు కాదు. లోకనాథుడే గొడుగు పట్టుకొని అడుగవచ్చినవాడు కదా! అయితే ఏలూరునుండి గాని, తాడేపల్లిగూడెమునుండి గాని ఈసారి యాత్రకు వచ్చునపుడు కొండ దిగువ పాదుకామండపమున ఒక్క క్షణము నిలువుడు. అచటి శ్రీపాదములకు తలవంచి, ఆపై మెట్లెక్కుడు. దారిలో చేయి చాచి అడుగువారు ఎదురైనచో, బలి వాకిట ఒకనాడు ఎవరి చేయి చాచబడినదో స్మరింపుడు. ఇవ్వగలిగినది ఇచ్చి, ఆ తరువాత స్వామిని అడుగుడు. పాతాళమున నున్న అడుగులకును, మన కన్నులకు కానవచ్చు అడుగులకును ఆ నమస్కార మొక్కటియై చేరును.