యూరియా: ఎవరి బాధ్యత?

అవసరానికి మించి యెరువు వేయటం తప్పే. అయితే ఆ తప్పు ఎవరిది? ఈ ప్రశ్న నాకు వికారాబాదులో, నేను పాఠం చెప్పే తరగతిలోనే ఎదురయింది.

2025 ఆగస్టులో తెలంగాణ రైతాంగం యూరియా కోసం బారులు తీరిన రోజులవి. తాండూరు వైపునుంచి వచ్చే విద్యార్థి వొకడు మూడు రోజులు కనిపించలేదు. తండ్రికి బదులు వరుసలో నిలబడ్డాడట. ఎక్కువ వేస్తే నేల చెడుతుందని హితవు చెప్పబోయాను. “తక్కువేస్తే మక్క పండకపోతే కౌలు ఎవరు కడతరు సార్?” అన్నాడు. నెలనెలా జీతం అందుకునే నావద్ద జవాబు లేకపోయింది.

నా హితవు అబద్ధం కాదు. వేసిన నత్రజనిలో సగమైనా చాలా పొలాల్లో పైరుకు అందదు. కొంత అమోనియాగా గాలిలో కలుస్తుంది. కొంత నైట్రేటుగా భూగర్భజలంలోకి దిగుతుంది. కొంత నైట్రస్ ఆక్సైడవుతుంది. అది బొగ్గుపులుసు వాయువుకన్న సుమారు 270 రెట్లు భూమిని వేడెక్కిస్తుంది. మూసీ పుట్టేది మా అనంతగిరి కొండల్లోనే. తాండూరు పక్కగా పారే కాగ్నా భీమలో కలుస్తుంది. ఇక్కడి నీటిలో కరిగినది దిగువవారికి చేరక తప్పదు.

అయితే 2010లో భాస్వరం, పొటాష్ యెరువుల ధరలను కంపెనీలకు వదిలి, యూరియా ధరను మాత్రమే కట్టడిలో వుంచింది ప్రభుత్వం. చౌకగా దొరికేదే పొలంలో ఎక్కువ పడింది. పైగా ఏడాది కౌలుకు దున్నేవాడు పదేళ్ల తర్వాతి భూసారాన్ని ఏ ధైర్యంతో కాపాడుతాడు?

ఇంతమాత్రాన రైతును నిర్దోషిగా విడిచిపెట్టటం మన అభ్యుదయవాదుల అలవాటు. నేను దీన్ని అంగీకరించను. అతన్ని పరిస్థితుల చేతి కీలుబొమ్మ అనటం అతన్ని అవమానించటమే. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. కంది వేళ్ల బుడిపెల్లోని సూక్ష్మజీవులు గాలిలోని నత్రజనిని పట్టి మొక్కకిస్తాయి. తర్వాతి పంటకూ కొంత మిగులుతుంది. ఆ నేలలో మక్క వేసినప్పుడు, భూసార పరీక్షను బట్టి, పదును చూసి, యూరియాను దఫాలుగా మొదళ్ల దగ్గర వేసి మన్ను కప్పితే తక్కువతోనే పంట నిలుస్తుంది. ఇది రైతు చేయగలిగిన పని. కనుక అతని బాధ్యత.

కాని తగ్గించిన ఏడాది పంట దెబ్బతింటే ఆ నష్టం అతనొక్కడిది కారాదు. కౌలుదారుకు హక్కు, కందికి గిట్టుబాటు ధర, నష్టంలో సమాజానికి వాటా వుండాలి. వీటికోసం పోరాడకుండా పొదుపు బోధించటం కపటం. ఇవి వచ్చేదాకా నదిని ఆగమనటమూ కపటమే. ఆ విద్యార్థికి నేను చెప్పవలసిన జవాబు ఇదే.