మసి పూసిన చేయి: మౌనానికీ మోసానికీ నడుమ

పాత వాహనాల వ్యాపారి ఒకడు తుప్పు పట్టిన రేకు మీద పుట్టీ పెట్టి, రంగు కొట్టించి కారు అమ్మాడనుకుందాం. కొనేవాడు బండి చుట్టూ తిరిగి చూశాడు, తలుపులు తీసి చూశాడు, నడిపి చూశాడు. తుప్పు ఉందా అని అతడు అడగలేదు. లేదని వ్యాపారి చెప్పనూ లేదు. కొన్ని నెలలకు రంగు పొంగి, పెచ్చు ఊడి రేకు బయటపడితే వ్యాపారి జవాబు సిద్ధంగా ఉంటుంది: ‘చూసుకునే కదా కొన్నారు!’ ఒక్క అబద్ధమూ ఆడని ఈ వ్యాపారి చేసిన తప్పేమిటన్నది ఇక్కడి ప్రశ్న.

1872 నాటి భారత ఒప్పందాల చట్టం 17వ సెక్షన్ దీనికి కొంతవరకు జవాబిస్తుంది. గుర్రానికి లోపముందని తెలిసీ వేలంలో ఏమీ చెప్పకుండా అమ్మడం మోసం కాదని అందులోని ఒక ఉదాహరణ. కొనేది అప్పుడే యుక్తవయస్సు వచ్చిన సొంత కూతురైతే మాత్రం చెప్పే బాధ్యత తండ్రికి ఉంటుందట. (ఇద్దరి మధ్య ఉన్న సంబంధమే ఆ బాధ్యతకు కారణమని ఆ ఉదాహరణ చెబుతుంది.) అయితే తెలిసిన విషయాన్ని పనిగట్టుకొని కప్పిపుచ్చడాన్ని అదే సెక్షన్ మోసంగా లెక్కించింది. అంటే మౌనం వేరు, కప్పడం వేరు.

తెలుగు నుడికారంలో ఈ భేదం మరింత స్పష్టం. ‘మసిపూసి మారేడుకాయ చేయడం’ అన్న జాతీయంలో మాట ప్రసక్తే లేదు. పూయడమూ చేయడమూ రెండూ చేతి పనులే. సత్యాన్ని గురించిన మన సాహిత్య చర్చ హరిశ్చంద్రుడి మాట చుట్టూ తిరిగినంతగా ఈ చేతి అబద్ధం చుట్టూ తిరగలేదని నాకనిపిస్తుంది.

ద్రోణవధ ఘట్టాన్ని కూడా ఈ దృష్టితో చూడవచ్చు. అశ్వత్థామ మరణించాడన్న భీముడి మాటను ద్రోణుడు వెంటనే నమ్మలేదు. ధర్మరాజును అడిగి సరిచూసుకున్నాడు. ధర్మరాజు ఏనుగు మాటను అవ్యక్తంగా పలికాడు. అంతవరకు నేలకు నాలుగు వేళ్ల ఎత్తున నిలిచిన అతడి రథం అప్పుడు నేలను తాకిందని వ్యాసభారతం చెబుతుంది. చెడగొట్టబడింది ద్రోణుడి పరీక్షే. రంగు కొట్టిన వ్యాపారి చేసినదీ ఇదే: కొనేవాడి జాగ్రత్తను అతడికే ప్రతికూల సాక్ష్యంగా మార్చాడు. అందువల్ల ‘చూసుకునే కొన్నారు’ అన్నది సమర్థన కాదు, నేరంలో భాగం.

రంగు కొట్టడమంతా తప్పని దీనర్థం కాదు. తుప్పు గీకి, కొత్త ముక్క వెల్డింగ్ చేసి, ప్రైమర్ వేసి కొడితే అది మరమ్మతు. పైకి రెండింటిదీ ఒకే నిగనిగ. కానీ మరమ్మతు చేసినవాడు ఆ సంగతి చెప్పినా అతడి పనికి విలువ నిలుస్తుంది. కప్పినవాడి పని చెప్పిన క్షణంలోనే వ్యర్థమవుతుంది.

ఇంకొక చిక్కుంది. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకు విజయవాడలో ఎన్నో వాహనాలు నీట మునిగాయి. అలా మునిగిన బండి ఒకటి రెండు మూడు చేతులు మారి ఒక వ్యాపారిని చేరిందనుకుందాం. సీట్లు ఎవరో ముందే కడిగించారు. ఇతడు కార్పెట్ ఎత్తడు, బండి కిందికి తొంగి చూడడు, పాత యజమానిని అడగడు. కప్పిపుచ్చడం మోసం కావాలంటే విషయం తెలిసైనా ఉండాలి, ఉందన్న నమ్మకమైనా ఉండాలంటుంది చట్టం; ఇతడు ఆ రెండింటినీ దగ్గరికి రానివ్వలేదు. ఇతడి చేతికి మసి లేదు. కానీ చూడకపోవడానికి కారణం అనుమానమే అయితే, చెప్పే బాధ్యత ఆ అనుమానంతోనే పుట్టిందని నా వాదం. ‘కార్పెట్ ఎత్తి చూడలేదు’ అన్న ఒక్క మాటైనా అతడు కొనేవాడికి బాకీ.