తవ్విన పల్లము, కట్టిన మేడ

మధురకు తూర్పున, వైగై ఏటికి దక్షిణంగా ఉన్న వండియూరు మారియమ్మన్ తెప్పకుళం మెట్ల మీద వేకువజామున కాసేపు కూర్చున్నవారికి అనిత్యతను గూర్చి బోధించుటకు వేరొక ఆచార్యుడు అక్కరలేదు. మధురను ఏలిన తిరుమల నాయకుడు తన మహలుకు ఇటుకలు కోయించుటకై మట్టి తవ్వించగా ఏర్పడిన పల్లమునే 1645లో కొలనుగా తీర్చినారని అక్కడి తెలుగిళ్లలోను తమిళుల ఇళ్లలోను పెద్దలు తరతరాలుగా చెప్పుకొంటున్నారు. ఆ మహలు వైభవం మూడవ తరం వరకైనా నిండుగా నిలువలేదు. మనుమడు చొక్కనాథుడు రాజధానిని తిరుచిరాపల్లికి మార్చి, తాత కట్టించిన దానిలో పెక్కు భాగాలను విప్పించి తరలించినాడు. 1529లో విశ్వనాథునితో మొదలైన నాయకరాజ్యమే 1736లో మీనాక్షీదేవితో అస్తమించినది. మట్టి ఇచ్చి లోతైన పల్లము మాత్రం నేటికీ నీరు పట్టుచున్నది. తై మాసపు పున్నమినాడు మీనాక్షీసుందరేశ్వరులు తెప్పనెక్కి విహరించేది ఆ పల్లములోనే.

మానవులారా, ఆ కొలను సైతం చిరకాలం ఎండిపోయి ఉండినది. పిల్లలు అందులో క్రికెట్టు ఆడుకొన్నారు. ఉత్సవం వచ్చినప్పుడు మాత్రం ఎలాగో నీరు నింపేవారు. ఏటినుండి నీరు తెచ్చే పాతకాలువలు పూడిపోయి, కాలువ ఒకటి ఉన్నదన్న స్మృతియే జనులలో సన్నగిల్లినది. ఇటీవల ఆ దారిని బాగుచేయగా నీరు తిరిగి వచ్చినది. మన హృదయాలలో ధర్మం స్థితియు ఇట్టిదే. సత్యము, దయ, ఓర్పు మనకు తెలియనివి కావు. తల్లి ఒడిలోనే విన్నాము, తాత ముఖంలోనే చూచినాము. పూడిక పేరుకొన్నది, అంతే. పూడిక తీయుట కీర్తి తెచ్చే పని కాదు. ఒళ్లంతా బురద అంటుకొనే పని. కనుకనే దానికి పూనుకొనువారు అరుదు.

నీరు నేర్పే పాఠం మరొకటి కలదు. కోయంబత్తూరు సీమలో నల్లరేగడిని నమ్ముకొని స్థిరపడిన తెలుగు రైతులు ఇంట తెలుగు, సంతలో తమిళం పలుకుతూ పత్తి, జొన్న పండించినారు. పడమటి కనుమల చాటున వాన తక్కువగా పడే ఆ నేలకు బావియే ప్రాణం. వాలుబాటలో ఎద్దులజత దిగుతూ ఉంటే మోకు బిగిసి, తోలుబాన పైకి వచ్చి తొట్టిలో నీరు కుమ్మరించేది. ఎద్దులు అలసినప్పుడు కాడి దించక తప్పదు. ఆ విరామంలోనే బావి ఊట తేరుకొనేది. పశువు అలసట నేలకు రక్షణగా ఉండినది. 1932లో నీలగిరుల పైకారానుండి జలవిద్యుత్తు పుట్టి, మిల్లులను తిప్పి, బావులకు మోటార్లను తెచ్చినది. ఎండిన చేలు పచ్చబడినవి, ఎద్దు మెడ మీది పుండు మానినది. దానిని కీడని పలుకుట కృతఘ్నత. అయినను మోటారుకు అలసట లేదు. అది చాలునని తనంత తాను ఆగదు. ఒకప్పుడు ఎద్దు మెడ మీద ఉండిన నిగ్రహం ఆనాటినుండి మనుష్యుని బుద్ధిలోనికి రావలసి ఉండినది. బావి అడుగంటి, బోరు బావికన్న లోతుకు, మరుసటి బోరు అంతకన్న లోతుకు దిగుచుండగా, ఆ రాక ఇంకను సంపూర్ణం కాలేదని ఒప్పుకొనక తప్పదు. నీటి విషయంలోనే కాదు, ధనంలోను కోపంలోను మాటలోను మనలను ఆపునది బయట ఏదియు లేని కాలంలో జీవిస్తున్నాము. శక్తి చాలక మానినవాడు నిగ్రహవంతుడు కాడు. చేయగలిగి, చేయుటకు హక్కు ఉండి, ఎదుటివాని ఊటను తలచి మీట నొక్కక చేయి వెనుకకు తీసికొన్నవానిదే నిగ్రహం.

ఇక కర్తవ్యం మాట. 1689నుండి పసివాడైన మనుమని పేర మధుర నాయకరాజ్యం నడిపిన రాణి మంగమ్మ, కొడుకును పోగొట్టుకొన్న తల్లి. ఆమె దుఃఖాన్ని చరిత్ర అంతగా తలచలేదు; ఆమె వేయించిన బాటలను, కట్టించిన సత్రాలను, బాటల వెంట నాటించిన చెట్లను దక్షిణదేశం నేటికీ తలచుకొంటున్నది. చెట్టు నాటువాడు తన నీడకై నాటడు. మఱ్ఱి నిండుగా ఎదిగేసరికి అతని ఆయువు తీరును. నేడు దారులు వెడల్పు చేయుటకు అట్టి వృక్షాలెన్నో నేలకొరుగుచున్నవి. బదులుగా మొక్కలు నాటే దినాన జనం గుమిగూడుట కలదు. మొదటి వేసవిలో నీరు పోయువారు కొందరుందురు, రెండవ వేసవిలో ఒకరిద్దరు. వేరు ఇంకా లోతుకు దిగని ఆ మొక్కకు మూడవ వేసవి కూడ బిందె మోయు చేయి కావలెను.