కనిపించలేదు గనక లేదనవచ్చా?

తర్కసంగ్రహం మొదటి పాఠంలోనే పిల్లలు నవ్వే చోటు ఒకటుంది. ద్రవ్యం, గుణం, కర్మ, సామాన్యం, విశేషం, సమవాయం అని ఆరు పదార్థాలు చెప్పి, ఏడోది అభావం అనగానే వెనక బెంచీ నుంచి ప్రశ్న లేస్తుంది: "లేకపోవడం కూడా ఒక పదార్థమేనా మాస్టారూ?" కణాదుడు చెప్పినవి ఆరే. అభావాన్ని తర్వాతివాళ్లు చేర్చారు. తర్కసంగ్రహం రాసిన 17వ శతాబ్దపు మన ఆంధ్రుడు అన్నంభట్టు ఏడింటినీ వరసగా చెప్పి, ఆ చివరిదాన్ని మళ్లీ నాలుగు రకాలు చేశాడు. రకాలు అప్పజెప్పడం తేలికే. లేదన్న సంగతి మనకు ఎలా తెలుస్తుందన్నదే చిక్కు. బోర్డు మీద కుండ బొమ్మ గీసి రిటైరయ్యేదాకా అదే చెప్పాను. ఇప్పుడు చెప్పాల్సివస్తే మాత్రం పిల్లల్ని బెజవాడ ఆటోనగర్ తీసుకెళ్తాను.

నాది పాత వ్యాగనార్. వాటర్ పంపు కారుతుంటే కొత్తది వేయించాను. పంపు విప్పితే కూలెంట్ పోతుంది, మళ్లీ నింపాలి. రేడియేటర్ మూతి దాకా పోయగానే పని అయిపోయిందనే ఎవరైనా అనుకుంటారు. కానీ ఇంజిన్ చల్లగా ఉన్నంతసేపూ థర్మోస్టాట్ వాల్వు మూసుకునే ఉంటుంది. పోసింది లోపలి మూలలన్నిటికీ చేరదు. సిలిండర్ హెడ్ పైభాగంలోనో, డాష్‌బోర్డు వెనక హీటర్ గొట్టాల్లోనో గాలి ఇరుక్కుని కూర్చుంటుంది. గాలి ఉన్నచోట కూలెంట్ తగలదు, లోహం కాగిపోతుంది. హెడ్ గ్యాస్కెట్ పోతుంది, అల్యూమినియం హెడ్ వంగిపోతుంది. పైనుంచి చూసేవాడికి మాత్రం అంతా నిండుగానే ఉంటుంది.

మా మెకానిక్ ముందు చక్రాలను రాంపు మీదికి ఎక్కించాడు. రేడియేటర్ మూతి అన్నిటికన్నా ఎత్తులో ఉంటే గాలి దానంతటదే అటు వస్తుందట. చల్లటి ఇంజిన్ కాబట్టి మూత తీసే ఉంచాడు. (కాగిన ఇంజిన్ మీద ఆ మూత జోలికి పోకూడదు. ఒత్తిడి వదిలిన మరుక్షణం లోపలి నీరు ఆవిరై ముఖాన కొడుతుంది.) స్టార్ట్ చేసి, హీటర్‌ను పూర్తిగా వేడి వైపు తిప్పాడు. రోహిణి కార్తెలో, బెజవాడలో, కారులో హీటర్! ఆ గొట్టాల్లో కూడా కూలెంట్ తిరగాలి కదా మరి.

మూతిలో బుడగలు వచ్చాయి. మొదట పెద్దవి, తర్వాత ఆవగింజలంత, ఆ తర్వాత ఏమీ లేవు.

"ఆగిపోయాయి కదా నాయనా, ఇక మూత పెట్టెయ్యొచ్చా?"

ఆయన పై గొట్టం పట్టుకుని చూశాడు. "గొట్టం ఇంకా వేడెక్కలేదు మాస్టారూ, వాల్వు తెరుచుకోలేదు. ఇప్పుడు బుడగ రాకపోతే గాలి లేదని కాదు, దానికి దారి లేదని."

చాలా కార్లలో ఆ వాల్వు 80 డిగ్రీలు దాటాక గానీ తెరుచుకోదు. కాసేపటికి గొట్టం చెయ్యి పెట్టలేనంత వేడెక్కింది. గుడగుడమంటూ మూతిలో మట్టం ఒక్కసారిగా దిగిపోయింది. మళ్లీ పోశాడు. గుడ్డతో గొట్టాన్ని పట్టుకుని పిసికితే ఇంకాసిని బుడగలు లేచాయి. రేడియేటర్ ఫ్యాను తిరిగి, ఆగేదాకా కదల్లేదు. లోపల హీటర్ ముందు అరచెయ్యి పెట్టి, గాలి వేడిగా వస్తోందని చూసుకుని, అప్పుడన్నాడు: "ఇంక లేదు."

శాస్త్రం యోగ్యానుపలబ్ధి అనేది దీన్నే. ఉంటే కనిపించి తీరవలసిన పరిస్థితిలో కనిపించకపోవడం. చీకటి గదిలో కుండ కనిపించనంత మాత్రాన కుండ లేదనరాదు. దీపం పెట్టి, 'కుండే ఉంటే నేల కనిపించినట్టు అదీ కనిపించేది' అనగలిగినవాడే లేదనాలి. భాట్ట మీమాంసకులు అనుపలబ్ధిని విడిగా ఒక ప్రమాణమన్నారు. నైయాయికులు కాదు, కంటికి సాయం మాత్రమే అన్నారు. ఆ తగాదా పరీక్ష రాసేవాళ్లకు వదిలేద్దాం. యోగ్యత ఉండాలన్న దగ్గర ఇద్దరికీ పేచీ లేదు.

డాష్‌బోర్డు మీద ఉష్ణోగ్రత ముల్లు ఉందిగా, అది చెప్పదా అన్నాను. సెన్సరు కూలెంట్‌లో మునిగి ఉంటేనే దాని మాట నమ్మాలట. అదే గాలి జేబులో చిక్కుకుంటే, ఇంజిన్ కాగిపోతున్నా ముల్లు చల్లగా కిందే కూర్చోవచ్చు. సెన్సరులో ఏ లోపమూ ఉండదు, వస్తువుతో తాకిడి ఉండదంతే. న్యాయసూత్రాలు రాసిన గౌతముడు ప్రత్యక్షానికి లక్షణం చెబుతూ ఇంద్రియానికీ అర్థానికీ సన్నికర్షం ఉండాలని మొదటే ఎందుకు పెట్టాడో పిల్లలకు చెప్పడానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు.

దేవుడి మీద వాదన కూడా ఈ యోగ్యత దగ్గరే తేలాలి. కనిపించడు గనక లేడన్నాడు చార్వాకుడు. మిథిలకు చెందిన ఉదయనాచార్యుడు సుమారు వెయ్యేళ్ల కిందట న్యాయకుసుమాంజలి మూడో స్తబకంలో, అంటే మూడో అధ్యాయంలో, దానికి జవాబు చెప్పాడు. కనిపించనిదల్లా లేనిదే అయితే, ఇల్లు దాటిన చార్వాకుడికి వెంటనే పెళ్లాం బిడ్డలు లేకుండా పోవాలి, ఆయన గుండెలు బాదుకుని ఏడవాలి అని ఎగతాళి చేశాడు. ఈశ్వరుడు కంటికి అందే వస్తువే కాదు, అలాంటప్పుడు కనబడకపోవడం దేన్నీ రుజువు చెయ్యదన్నాడు. మరి కుందేటి కొమ్మును కూడా అలాగే కాపాడుకోవచ్చు కదా అని ఎదుటివాడు అడగనే అడిగాడు. కొమ్ము కంటికి అందే జాతిది కాబట్టి అక్కడ లేదనవచ్చని ఉదయనుడి సమాధానం.

గట్టి సమాధానమే. అయితే దానితో ఖండన ఆగుతుంది, స్థాపన జరగదు. ఈ సంగతి ఉదయనుడికే బాగా తెలుసు గనకే ఈశ్వరుణ్ణి సాధించే అనుమానాలను అయిదో స్తబకంలో మళ్లీ మొదలుపెట్టాడు. ఇప్పటి మన ప్రవచనకారుల్లో చాలామంది మూడో స్తబకం దగ్గరే హారతిచ్చి లేచిపోతున్నారు. 'గాలి కనిపిస్తుందా? కరెంటు కనిపిస్తుందా?' అంటే సభలో చప్పట్లు పడతాయి. గాలి ఉందో లేదో తేల్చడానికి ఒక పద్ధతి ఉందనీ, ఆ పద్ధతి పూర్తయ్యాక లేదని ఒప్పుకోవడానికి మెకానిక్ సిద్ధంగా ఉన్నాడనీ వాళ్లు చెప్పరు. అటు హేతువాద మిత్రుల్లోనూ, చల్లటి ఇంజిన్ మీదే మూత బిగించి వెళ్లిపోయేవాళ్లు తక్కువేం కాదు. నేను రోజూ సంధ్య వారుస్తాను. అయినా అయిదో స్తబకం నన్ను పూర్తిగా ఒప్పించలేదు. మూడోదాన్ని మాత్రం కాదనలేకపోతున్నాను.

తర్కసంగ్రహం చిన్న పుస్తకం. దానికి అన్నంభట్టే రాసుకున్న వ్యాఖ్య దీపికతో కలిపి ప్రత్యక్ష ఖండం ఒక్కటైనా తెలిసినవారి దగ్గర కూర్చుని చదవండి. ఆ తర్వాత టీవీలో దేవుడి మీద చర్చ వస్తే, ఏం జరిగితే మీ మాట వెనక్కి తీసుకుంటారని ఆస్తికుణ్ణీ నాస్తికుణ్ణీ ఎవరైనా అడుగుతారేమో చూడండి. అడగకపోతే టీవీ కట్టేయండి.