సంతకం కలవని చెక్కు

బ్యాంకులో చెక్కు తిప్పి పంపితే కారణం రాయాలి. ఖాతాలో సొమ్ము లేకపోవడం ఒక కారణం, సంతకం కలవకపోవడం మరొకటి. ఒకదానికి బదులు ఇంకొకటి రాస్తే ఖాతాదారు పరువు పోతుంది. బడిలో మాత్రం ఈ పొరపాటు రోజూ జరుగుతోంది.

మా హోసూరు ప్రాంతంలో ఎన్నో ఇళ్లలో తెలుగే మాట్లాడతారు. 2006 నాటి చట్టంతో తమిళనాడు బడుల్లో తమిళం ఒక్కో తరగతికీ తప్పనిసరి అవుతూ వచ్చింది. పక్కింటి కుర్రవాడు తొమ్మిదో తరగతి, తమిళ మాధ్యమం. సైన్సు పరీక్షలో ఒక ప్రశ్నకు జవాబే రాయలేదు. "మొద్దు" అన్నాను. సాయంత్రం అదే ప్రశ్న తెలుగులో అడిగాను: చల్లనీళ్ల చెంబుకు బయట తడి ఎందుకు పడుతుంది? "గాల్లో ఉండే ఆవిరే కదా మామా, చల్లబడి నీళ్లయింది" అన్నాడు. సొమ్ము ఉంది, సంతకమే కలవలేదు.

ఇక్కడ బతకాలంటే తమిళం రావద్దా అంటారు. రావాలి. కాని నేర్చుకునేలోగా తెలివినే కొట్టివేయడం న్యాయమా? 1956లో రాజ్యాంగంలో చేరిన 350ఎ అధికరణం మాతృభాషా బోధన గురించి చెప్పింది ప్రాథమిక దశకే. పెద్ద తరగతుల పిల్లల భారం మనదే. పాఠానికి ముందే కొత్త మాటలు విడమరచి చెప్పవచ్చు. తెలుగులో ఆలోచించుకొని తమిళంలో రాయనివ్వవచ్చు. సైన్సులో విషయానికి మార్కులు వేసి, భాష తప్పులు వేరుగా దిద్దవచ్చు.

కారణం తప్పు రాస్తే ఖాతాదారు మర్నాడే వచ్చి నిలదీస్తాడు. పిల్లవాడు నిలదీయడు. మనం రాసిందే నిజమని నమ్ముతాడు.