శిథిలాలు ఎవరికి గుణపాఠం?

తిరుపతికి చేరువలో, కొండను ఆనుకొని చంద్రగిరి కోట ఉంది. సెలవు రోజుల్లో పిల్లల్ని వెంటబెట్టుకొని మనమూ అక్కడికి వెళుతుంటాం. మూడంతస్తుల రాజమహల్‌ను, దాని దగ్గరే ఉన్న రాణీమహల్‌ను చూస్తాం. కలప వాడకుండా రాయి, ఇటుక, సున్నంతో ఇంతటి భవనం ఎలా కట్టారా అని ఆశ్చర్యపోతాం. ఫోటోలు దిగి ఇంటికి వస్తాం. ఒక విశ్వాసి అక్కడ చూడవలసింది ఇంతేనా?

భూమిపై సంచరించి, పూర్వం గతించినవారి పర్యవసానం చూడమని దివ్య ఖుర్‌ఆన్ పదేపదే ఆదేశిస్తోంది. వారు మనకంటే బలవంతులేనని కూడా గుర్తు చేస్తోంది.

1565లో తళ్లికోట యుద్ధంలో ఓడిన విజయనగర పాలకులు పెనుకొండకు, తర్వాత చంద్రగిరికి రాజధాని మార్చారు. 1646లో చంద్రగిరి గోల్కొండ సుల్తానుల వశమైంది. మనలో కొందరు ‘వారు ఓడారు, మనవారు గెలిచారు’ అని ఇక్కడితో కథ ముగించి గర్వపడతారు. మరి ఆ తర్వాత? నలభై ఒక్క ఏళ్లకే, 1687లో, గోల్కొండ ఔరంగజేబు సేనలకు చిక్కింది. చంద్రగిరి మైసూరు ఏలుబడిలోకి వెళ్లింది. 1799లో శ్రీరంగపట్నంలో టిప్పు సుల్తాన్ నేలకొరిగారు. ఆయనపై గెలిచిన ఈస్టిండియా కంపెనీ 1874లో రద్దయింది. ఓడినవారి చంద్రగిరిలోకైనా, గెలిచినవారి గోల్కొండలోకైనా నేడు మనం టికెట్టు కొనే వెళుతున్నాం!

ఆ పాలకుల మీద తీర్పు చెప్పే అధికారం మనకు లేదు. అది అల్లాహ్‌కే చెందింది. తబూక్ ప్రయాణంలో సమూద్ జాతి నివాసాలు ఎదురైనప్పుడు, ఏడుస్తూ తప్ప అక్కడ అడుగుపెట్టవద్దని దైవప్రవక్త (స) తమ సహచరులను హెచ్చరించారు. వారికి పట్టిన గతి తమకూ పట్టవచ్చన్న భయం ఉండాలన్నారు. అంటే శిథిలాల ముందు నిలబడినవాడు లెక్కించుకోవలసింది తన తప్పులనే.

అలాగని భవనం కట్టుకోవడమే పాపమా? కాదు. హజ్రత్ సులైమాన్ (అ) భవనంలోని గాజు నేలను చూసి సబా రాణి నీరని భ్రమపడింది. అంతటి వైభవాన్ని ఆయన తన ప్రభువు అనుగ్రహంగా, తన కృతజ్ఞతకు పరీక్షగా భావించారు. ఖారూన్ మాత్రం తన సంపద తన తెలివితేటల ఫలమే అన్నాడు. ఇంటితో సహా భూమి అతన్ని మింగేసింది. తేడా గోడల్లో లేదు, హృదయాల్లో ఉంది.

కనుక మన ఇంటినే ఒకసారి పరికించి చూద్దాం. అక్కచెల్లెళ్ల వారసత్వ వాటా ఆ గోడల్లో కలిసిపోయిందా? మేస్త్రీకి, కూలీలకు ఇవ్వవలసిన డబ్బు ఇంకా మిగిలి ఉందా? పొరుగువారి దారి మన అరుగు కింద పోయిందా? రాజ్యాలకే లెక్క తప్పలేదు, రెండు గదుల ఇంటికి తప్పుతుందా?

హక్కుదారుల హక్కులు బతికుండగానే చెల్లించే సద్బుద్ధిని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.